రాజన్న జడలు

మొన్న ఆదివారం మా తమ్ముని కోడలు కరీంనగర్ నుంచి కారులో దిగింది. నన్ను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ముఖానికి ఎదురుగా గుండ్రటి లైటు ఒకటి నిలబెట్టి, ఫోను పట్టుకొని, "అత్తమ్మా, మన ఇంటి మొక్కు కథ చెప్పుండ్రి, వీడియో తీస్త" అంది. ఆమె కొడుక్కు పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. పొద్దున వేములవాడలో రాజన్న దేవుడి దగ్గర మూడు కత్తెర్లు వేయించి, అక్కడి నుంచి నేరుగా కరీంనగర్‌లో ఫంక్షన్ హాలుకు వస్తారట. హాల్లో గోడంత తెర మీద నేను కనబడి, రాజన్న మా తమ్ముణ్ని ఎట్లా కాపాడాడో చెబుతుంటే, వచ్చినవాళ్లు బిర్యానీ తింటూ చూస్తారట. దేవుడికి అరగంట, కెమెరాకు దినమంతా. ఈ కాలం భక్తి ఇట్లా ఉంది.

ఈ కాలం అన్నాను గానీ, ఆ కాలం మాత్రం ఏం తక్కువ తిన్నది?

మా తమ్ముడు కూడా వెంట వచ్చాడు. సోఫాలో కూర్చొని నెత్తి తడుముకుంటున్నాడు. కుడి చెవికి పైన రూపాయి బిళ్లంత మేర అతనికి వెంట్రుక మొలవదు. అది రాజన్న వేలు తగిలిన చోటని కనబడ్డవాళ్లందరికీ చూపిస్తాడు. పెళ్లిళ్లలో చూపిస్తాడు, చావుల్లో చూపిస్తాడు. ఒకసారి బస్సులో పక్క సీటాయనకు చూపించి, ఆయన దిగాల్సిన స్టేజీ దాటిపోయేదాకా వదల్లేదు. ఆ మచ్చ ఎట్లా పడిందో చూసినవాళ్లలో బతికి ఉన్నది నేనొక్కదాన్నే. నోరు మూసుకొని విన్నదీ నేనే.

మాది నేతపని చేసే ఊరు. మా బాపుకు, అంటే నాయనకు, ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉండేవి. సాంచా అంటే కరెంటు మగ్గం. పొద్దున లేచేసరికి ఆ టకటక, రాత్రి పడుకున్నా ఆ టకటకే. మా ఇంట్లో ఏ మాటయినా అరిచే చెప్పుకునేవాళ్లం. అందుకేనేమో, మెల్లగా మాట్లాడే మా అవ్వ, అంటే మా అమ్మ, మాట ఎవరికీ వినబడేది కాదు.

నా తర్వాత అవ్వకు పుట్టిన పిల్లలు నిలవలేదు. అప్పుడు మా నాయనమ్మ రాజన్నకు మొక్కింది. మగపిల్లగాడు పుట్టి బతికితే నీ గుడి చుట్టూ కోడెను తిప్పి కడతానని, పుట్టువెంట్రుకలు నీ గుళ్లోనే తీయిస్తానని. మొక్కింది ఆమె, కన్నది అవ్వ. తమ్ముడు పుట్టాడు, బతికాడు. ఇక రాజన్న గడప తొక్కేదాకా ఆ తలకు కత్తెర తాకడానికి లేదు. తాకిన రోజున పిల్లగాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సింది మేనమామ. మేనమామ ఒడి లేకుండా పుట్టువెంట్రుకలు తీస్తే అది మొక్కు కాదు, క్షవరం. మా వైపు ఇది అందరికీ తెలిసిన మాటే.

మా మేనమామది మెట్‌పల్లి. చేతిమగ్గం నేసేవాడు. చేతిమగ్గం వాళ్లకు సాంచాల వాళ్లంటే చులకన, సాంచాల వాళ్లకు చేతిమగ్గం వాళ్లంటే జాలి. తమ్ముని పురుటికి మామ తన చేత్తో నేసిన ధోతి తెచ్చి బాపు ఒళ్లో పెట్టాడు. ఇల్లంతా సాంబ్రాణి పొగ, వాము వాసన, వాకిట్లో విస్తర్లు పరిచి ఉన్నాయి. పెట్టిన బట్టను కళ్లకద్దుకొని పక్కన పెట్టుకోవడం లోకంలో అందరూ చేసే పని. నేతగాడికి అది చేతనవుతుందా? బాపు ధోతి మడత విప్పాడు. వాకిట్లో వెలుగుకు పట్టాడు. అంచును రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"బావా, గీడ రెండు పోగులు తప్పినయి గదా" అన్నాడు.

బంధువులంతా వింటున్నారు. మామ తింటున్న విస్తరి మీది నుంచి లేచాడు.

"నా బట్టల తప్పు వడుతున్నవా? నీ సాంచా బట్ట ఒక్క ఉతుకుకు జల్లెడైతది. నువ్వా నాకు చెప్పేది?"

"తప్పు తప్పే. లేంది నేనేమన్న అన్ననా?"

మామ ఆ ధోతిని బాపు చేతిలోంచి గుంజుకొని చంకలో పెట్టుకొని బస్టాండుకు నడిచాడు. అవ్వ పసిపిల్లగాణ్ని ఎత్తుకొని గడప దాకా వెళ్లి నిలబడింది. ఆయన వెనక్కి తిరగలేదు.

అంతే. ఆ రెండు పోగుల మీద ఏడేళ్లు గడిచాయి. పెద్దమనుషులు వచ్చి చాయ్ తాగి పోయేవాళ్లు. "ఆయన్నే రమ్మను" అనేవాడు బాపు. "ఆయన్నే పిలువమను" అనేవాడట మామ. మా ఊళ్లో బస్సెక్కితే వేములవాడ ఎంత దూరం? కండక్టరు మన సీటు దాకా వచ్చి టికెట్టు ఇచ్చేలోపే గుడి గోపురం కనబడుతుంది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు, ఆ కాస్త దూరం పోలేని మగవాళ్లు సాయంత్రం కాగానే కల్లు మండువాలో కూర్చొని కాశీకి పోయే మాట మాట్లాడేవాళ్లు. అవ్వ మాత్రం ఏమీ అనలేదు. అటు అన్న, ఇటు మొగుడు. ఆమె ఊరకుండటం మీద నాకు అప్పుడూ కోపమే, ఆ తర్వాత చాలా ఏళ్లూ కోపమే.

తమ్ముని జుట్టు నడుం దాకా పెరిగింది. పొద్దున్నే అవ్వ పొయ్యి ముందు పీట వేసుకొని నాకు రెండు జడలు, వాడికి రెండు జడలు అల్లేది. కొబ్బరినూనె, పొయ్యి మీద మక్కగట్క ఉడుకుతున్న వాసన, షెడ్డు లోంచి వచ్చే మిషన్ ఆయిల్ వాసన. బతుకమ్మ పండక్కి వాడికి నా పాత లంగా తొడిగి, మా చెల్లెలని చెప్పి పక్క వాడకు తీసుకుపోయాను. సత్తుపిండి, మలీద ముద్దలు రెండు వాటాలు దొరికాయి. అక్కడొక ముసలామె వాడి గదుమ పట్టుకొని, "ఎంత సక్కని పిల్లనే, మా మనుమనికి చేసుకుంట" అంది. వాడు నోట్లో ముద్ద పెట్టుకొని సరేనని తలూపాడు. ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆగలేదు మాకు.

ఎండాకాలం వస్తే ఆ నవ్వు ఉండేది కాదు. సాంచాల నుంచి లేచే దూది జుట్టులో చిక్కుకొని, చెమటకు ముద్దకట్టి, లోపల పుండ్లు లేచేవి. వాడు రాత్రంతా గీరుకునేవాడు. అవ్వ వేపనూనె రాసేది. అది వాసన తప్ప ఏమీ చేసేది కాదు. నేను ఒకసారి వాణ్ని మంగలి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కత్తెర వెనక దాచుకొని, "గది రాజన్న సొమ్ము బిడ్డా, నేను ముడితే నా చేతులు పడిపోతయి. మీ మామను తోల్కరాపోండ్రి" అన్నాడు.

"అక్కా, మామ ఎప్పుడొస్తడే?" అని అడిగేవాడు తమ్ముడు.

"బాపు పిలిస్తే."

"బాపు ఎప్పుడు పిలుస్తడు?"

నేను వాడి జడ విప్పి, చిక్కుకున్న దూది ఏరేదాన్ని.

ఏమడిగినా నాయనమ్మ దగ్గర ఒక కథ ఉండేది. ఆమె చాటలో తునికాకు పరుచుకొని బీడీలు చుడుతూ, వాడి తల గీరుడు చూసి, అదే కథ మళ్లీ మొదలుపెట్టేది.

"ఒక రాజు ఏటకు పోయిండు. గుండం కాడ ముని కొడుకు నీళ్లు తాగుతుండు. రాజు మెకమనుకొని బాణం ఏసిండు. పిలగాడు సచ్చిపాయె. గా పాపానికి రాజుకు ఒళ్లంత కుష్టు లేసె. తిరగని తీర్థం లేదు. ఆఖరుకు మన గుండంల మునిగిండు. మునిగి లేసేవరకు ఒళ్లు అద్దమోలె అయింది. గుండంల రాజన్న లింగం దొరికింది. గుడి కట్టిచ్చిండు."

"మరి గా ముని కొడుకు ఏమైండు?" అన్నాను నేను.

"సచ్చిపాయె అన్న గద."

"రాజన్న లేపలేదా?"

"కథల గది లేదు."

"ఎందుకు లేదు? తప్పు చేసింది రాజు. రాజుకేమో ఒళ్లు మంచిగయె, ఏం చెయ్యని పిలగాడు..."

"నోర్ముయ్యే. కండ్లు పోతయి" అని ఆమె చేతిలోని బీడీ దారం నా మీదికి విసిరింది. మా ఇంట్లో ఎవరికీ తట్టని విషయం ఇంకొకటి ఉంది. గుడి కోనేరైన ఆ గుండంలో మునిగితే పుండ్లు మానతాయని రోజూ కథ చెప్పే మనిషి, పుండ్లతో ఏడుస్తున్న మనుమణ్ని ఆ గుండం దాకా తీసుకుపోలేదు. కథ ఉంది కదా, చాలదూ?

తమ్ముణ్ని బడికి పంపిన రోజు సారు కళ్లద్దాలు సర్దుకొని, "కొడుకు అన్నవు, బిడ్డను తెచ్చినవేందమ్మా?" అని అవ్వను అడిగాడు. ఆ మధ్యాహ్నమే నలుగురు పోరగాళ్లు వాణ్ని గోడ వెనక్కి తీసుకుపోయి, పిల్లా పిలగాడా తేల్చుకోవాలని చెడ్డీ గుంజారు. వాడు ఏడ్చుకుంటూ వచ్చి సాంచాల షెడ్డులో నూలు చుట్టిన భీముల వెనక దూరాడు. మరునాడు బడికి పోనన్నాడు. ఆ మరునాడూ అంతే. అవ్వ చెయ్యి పట్టి లాగితే దర్వాజ పట్టుకొని వేలాడేవాడు. బడి గంట కొట్టేసరికి వాడు షెడ్డులో దాక్కోవడం అలవాటయింది. ఆ గంట నుంచి సాయంత్రం దాకా, నాలుగు సాంచాలు ఆడుతుండగా, రెండు పొడుగాటి జడలేసుకొని ఒక పిల్లవాడు వాటి సందుల్లో తిరుగుతున్నాడు. బాపు చూశాడు. నాయనమ్మ చూసింది. రాజన్న ఉన్నాడులే అనుకున్నారు.

ఆ రోజు బాపు నూలు కోసం సేటు దగ్గరికి పోయాడు. సాంచా నడిపే అతను చివరి మగ్గం దగ్గర తెగిన పోగులు అతుకుతున్నాడు. నేను ఒక మూల కూర్చొని కండెలు చుడుతున్నాను. ఒక కండె దొర్లి మోటారు పక్కకు పోయింది. తమ్ముడు తెచ్చిస్తానని వంగాడు. వాడి కుడి జడ ముందుకు జారి మోటారు తిప్పే బెల్టు పట్టాలో పడింది.

వాడి నోరు తెరుచుకోవడం చూశాను. అరుపు వినబడలేదు. సాంచాల చప్పుడు అట్లాంటిది. నేను లేవలేకపోయాను. దర్వాజలో అవ్వ ఉంది, చేతిలో రొట్టెల గిన్నె. గిన్నె పడేసింది. వాడి దగ్గరికి కాకుండా అటువైపు గోడ దగ్గరికి ఉరికింది. భయపడి పారిపోతోందనుకున్నాను నేను. ఆమె రెండు చేతులతో మెయిన్ స్విచ్ పిడి పట్టుకొని కిందికి గుంజింది. నాలుగు సాంచాలు ఒక్కసారి ఆగిపోయాయి. బల్బులు ఆరిపోయాయి. అప్పుడు వినబడింది వాడి ఏడుపు. అవ్వ పోగులు కోసే కత్తెర తీసుకొని, పట్టాకు చుట్టుకున్న జడను మొదలంటా కోసేసి, వాణ్ని ఒళ్లోకి లాక్కుంది. చెవి పైన తోలు ఊడి వచ్చింది. రక్తం ఆమె రవిక మీద కారుతోంది.

అంతలో నాయనమ్మ బయట నుంచి వచ్చింది. చీకటి, ఆగిన సాంచాలు, బతికి ఉన్న మనుమడు. ఆమె రెండు చేతులూ ఎత్తి, "రాజన్నా! కరెంటు తీసి నా మనుమన్ని కాపాడుకున్నవా తండ్రీ!" అని అక్కడే సాగిలపడింది.

పక్కింటి షెడ్డులో సాంచాలు టకటక ఆడుతూనే ఉన్నాయి. వీధి వీధంతా ఆడుతూనే ఉంది. "నాయనమ్మా, మనింట్లనే పోయింది కరెంటు. అవ్వ..." అని నేను చెప్పబోయాను.

"మొక్కు మనదే గాని మందిది కాదు గదనే! మనింటిదే తీస్తడు" అంది ఆమె.

ఆ తర్వాత అవ్వ చేతిలో కత్తెర చూసింది. ముఖం మారిపోయింది.

"ఓ ముండా! రాజన్న జడకు కత్తెర వెట్టినవా!"

సాయంత్రానికి వాడకట్టంతా ఒకటే మాట. ఆపింది రాజన్న, కోసింది కోడలు. అవే రెండు చేతులు. అర నిమిషం తేడా. మంచిది దేవుడి ఖాతాలో పడింది, చెడ్డది కోడలి నెత్తిన పడింది. బాపు వచ్చి పిల్లగాణ్ని భుజాన వేసుకొని దవాఖానకు ఉరికాడు, కట్టు కట్టించాడు. నర్సమ్మ మిగతా జుట్టు కూడా తీసేద్దామంటే నాయనమ్మ అడ్డంపడింది. నా తమ్ముడు ఒక్క జడతో, తలకు కట్టుతో తిరిగాడు. పట్టాలో చిక్కిన వెంట్రుకలను ఆమె మిషన్ ఆయిలుతో సహా ఏరి, పసుపు బట్టలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. పిల్లగాడి తల కన్నా ఆ మూటకే మర్యాద ఎక్కువ జరిగింది.

ఏడేళ్లు కదలని మేనమామ, కత్తెర కబురు విని, మరునాడు మొదటి బస్సుకే దిగాడు. చెమటలు కక్కుతూ, "ఏంది చెల్లే, ఏం జేసినవే? రాజన్నకు కోపమొస్తే మేనమామ మీదికే వస్తది, ఎరుకేనా?" అన్నాడు. మేనల్లుడి తల ఎట్లా ఉందని అడగలేదు. బాపు ఎదురు వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. పుండ్లకు కరగనివాళ్లు, పోరగాళ్లు చెడ్డీ గుంజితే కరగనివాళ్లు, తమ మీదికి వస్తుందనగానే కరిగిపోయారు. మామ కొత్త ధోతి పెట్టాడు. బాపు మడత విప్పకుండా కళ్లకద్దుకున్నాడు. ఈ తెలివి ఏడేళ్ల కింద ఎక్కడ పోయిందో!

వేములవాడ పోయాం. కట్టెల పొగ, తడిబట్టల వాసన, బెల్లం, జనం. గుండంలో ముంచారు. కల్యాణకట్ట దగ్గర మామ తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మిగిలిన జడ రాలింది. లోపలి పుండ్లన్నీ బయటపడ్డాయి. "ఏందమ్మా, పసిపోరనికి గిన్ని పుండ్లా?" అని కత్తి ఆపి అడిగాడు మంగలాయన. మామ పక్కకు చూశాడు. బాపు పైకి చూశాడు. తమ్ముడు మాత్రం రెండు చేతులతో బోడితల తడుముకొని, నా వంక తిరిగి, "అక్కా, ఇగ నేను పోరన్నేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు నవ్విన నవ్వు వాడు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

బాపు, మామ కలిసి కోడె తాడు పట్టుకొని గుడి చుట్టూ తిరిగారు. వాళ్ల వెనకాల అవ్వ తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టింది. కత్తెర పెట్టిన తప్పుకు. ఎండకు బండలు కాలుతున్నాయి. నేను పక్కనే నడుస్తూ, ఆమె చీర పైకి జారినప్పుడల్లా కాళ్ల మీదికి లాగుతున్నాను. మోచేతులు గీసుకుపోయి లేచింది. లేచి నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది, అక్కడే గుడి ఉన్న బద్ది పోచమ్మ తల్లికి కోసిన మేకపోతును వండాలి కదా. బావ, బామ్మర్ది చెట్టు కింద కల్లు తాగుతూ కూర చాలా బాగుందన్నారు.

పుండ్లు నర్సమ్మ ఇచ్చిన ఊదారంగు మందుతో మానాయి. పేరు గుండం నీళ్లకు వచ్చింది. తమ్ముడు బడికి పోయాడు, నాలుగక్షరాలు నేర్చుకున్నాడు. ఆ అక్షరాలతో కథను ఇంకా పెంచాడు. ఒక ఏడాది కరెంటు పోయినప్పుడు గుడిగంట మోగిందన్నాడు. ఇంకో ఏడాది మెయిన్ స్విచ్ మీద పాము ఉందన్నాడు. అవ్వ పోయాక అడ్డే లేకపోయింది. కథలో ఆమె ఇప్పుడు కత్తెరతో కూడా లేదు.

అందుకే మొన్న ఫోను ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు పోగులు, పుండ్లు, మెయిన్ స్విచ్, పొర్లుదండాలు, అన్నీ. "రాజన్నకు ఏ పాపం తెల్వదు, కరెంటు తీసింది మా అవ్వ" అన్నాను. తమ్ముడు సోఫాలోంచి లేచి, "ఏం మాట్లాడుతున్నవే అక్కా, చిన్న పిల్లలు చూసే వీడియో" అని గొణిగాడు. నాకు కడుపు చల్లబడింది.

కోడలు ఫోను దించలేదు. ఆమె కరీంనగర్‌లో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుంది, ప్రశ్నలు అడగడం అలవాటు. "మరి గంత తెలివి, గంత ధైర్యం ఉన్నామె ఏడేండ్లు ఎందుకు ఊకున్నది అత్తమ్మా? కత్తెర ఇంట్లనే ఉండె గదా. పిలగానికి గా పుండ్లేంది, గా గోసేంది? ఏం తల్లి?" అంది.

నా గొంతే అది. అందరి గురించి నేను మాట్లాడే గొంతే ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది.

నేను కూడా ఒకసారి అవ్వను అడిగాను. కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, నాకు తలంటు పోస్తుంటే. స్విచ్ గుంజింది నువ్వే కదా, అందరూ రాజన్న రాజన్న అంటుంటే నువ్వు కూడా అవునవునని తలెందుకు ఊపుతావని గట్టిగానే నిలదీశాను. ఆమె నా తల మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది.

"నేను ఆపిన్నంటే, గింతకు ముందు ఎందుకు ఆపలేదే అంటరు బిడ్డా. రాజన్ననైతే గట్ల ఎవ్వరడుగరు" అంది. చెంబు పక్కన పెట్టి, నా జుట్టు పిండుతూ, ఇంకా మెల్లగా అంది. "మందిదేమున్నది. నన్ను నేనే అడుగుత."

అప్పుడు నాకు ఆ మాటకు ఏడుపు రాలేదు, చిరాకు వచ్చింది. ఏడుపు మొన్న వచ్చింది, ఆ గుండ్రటి లైటు ముందు. కోడలు ఇంకా జవాబు కోసం నా ముఖం చూస్తూనే ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకొని కుర్చీలో సరిగ్గా కూర్చున్నాను.

"గదంత తీసెయ్ బిడ్డా, మళ్ల చెప్త" అన్నాను. "గా రోజు కరెంటు రాజన్నే తీసిండు."